బడి గది కప్పు – పిల్లల ఆరోగ్యం

ఏటా ఫిబ్రవరి నెలాఖరుకల్లా మా ఓ.పి. విభాగంలో ఒక మార్పు కనబడుతుంది. అంతవరకు దగ్గు, జలుబులతో వచ్చే బడి పిల్లలు, తలనొప్పి అని, కడుపులో తిప్పుతోందని, మధ్యాహ్నం తరగతిలో కళ్ళు తిరిగాయని రావడం మొదలుపెడతారు. వెంట వచ్చిన తల్లులు "ఎండలో ఆడొద్దంటే విన్నావా?" అని కోప్పడుతుంటారు. ఆడలేదమ్మా అంటారు పిల్లలు. చాలాసార్లు పిల్లల మాటే నిజం. వాళ్ళు ఎండలో తిరగలేదు. ఎండకు కాగిన రేకుల కింద నాలుగు గంటలు కూర్చున్నారు.

ఆసుపత్రి పత్రికలో బడి కట్టడాల గురించి రాయడమేమిటని కొందరు అనుకోవచ్చు. మేము ఇంజనీర్లం కాము. కాని గాలి, వెలుతురు, వేడి మొదటినుండీ నర్సుల పనిలో భాగమే. ఫ్లారెన్స్ నైటింగేల్ గారు 1859లో రాసిన నర్సింగు పుస్తకంలో మొదటి అధ్యాయం మందుల గురించి కాదు, గదిలోని గాలి గురించి. వార్డుకు రెండు వైపులా ఎదురెదురుగా కిటికీలు ఉండాలని ఆమె పట్టుబట్టారు. పాత మిషను ఆసుపత్రుల్లో ఎత్తైన కప్పు, పొడవాటి వరండాలు, కప్పు దగ్గర వెంటిలేటర్లు మన పెద్దలు చూసే ఉంటారు. ఫ్యాన్లు లేని రోజుల్లో రోగులు వేసవి గడిపింది ఆ కట్టుబడి వల్లనే. నలభై మంది పిల్లలు రోజుకు ఆరేడు గంటలు కూర్చునే గదికి కూడా అంత శ్రద్ధ కావాలి.

మన అమీర్‌పేట, పంజాగుట్ట ప్రాంతంలో గజం స్థలం కూడా ఖాళీగా ఉండదు. మైత్రీవనం చుట్టుపక్కల కోచింగ్ సెంటర్లు ఎలా కిక్కిరిసి ఉంటాయో అందరికీ తెలిసిందే. బల్కంపేట, ఎల్లారెడ్డిగూడ సందుల్లో కాపురాల కోసం కట్టిన భవనంలోనే బడి నడుస్తుంది. పిల్లలు పెరిగితే డాబా మీద ఇనుప గొట్టాలు నిలబెట్టి, రేకులు వేసి ఇంకో రెండు గదులు తయారుచేస్తారు. కరెస్పాండెంటు గారిని తప్పుపట్టి లాభం లేదు. నెలకు కొద్దిపాటి ఫీజు తీసుకుని, అద్దె కట్టి, టీచర్లకు జీతాలిచ్చేవారు స్లాబు ఎక్కడ వేయించగలరు? అయితే రేకుల గదిని కూడా పిల్లలు భరించగలిగేలా చేయవచ్చు. దానికి అయ్యే ఖర్చు చాలామంది అనుకునేదానికంటే తక్కువ.

ముందుగా వేడి ఎటునుండి వస్తుందో చూద్దాం. హైదరాబాదులో సూర్యుడు ఏడాదికి రెండుసార్లు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. 2023లో అవి మే 9, ఆగస్టు 3 తేదీలు. ఆ మధ్యాహ్నం నిటారుగా నిలబెట్టిన కర్రకు నీడ పడదు. అంటే వేసవి అంతా మధ్యాహ్నపు ఎండ గోడల మీద కంటే కప్పు మీదనే ఎక్కువగా పడుతుందన్నమాట. మనకు పక్కనే ఉన్న బేగంపేటలో 1966 జూన్ 2న 45.5 డిగ్రీలు నమోదైంది. జూన్ అంటే బడులు తెరిచే నెల కూడా. పైగా అది నీడలో, గాలి ఆడే పెట్టెలో ఉంచిన థర్మామీటరు చూపిన లెక్క. ఎండలో పడి ఉన్న రేకు, నల్లబడిన స్లాబు వేసవి మధ్యాహ్నం 60 డిగ్రీలు కూడా దాటుతాయి.

పొయ్యి మీద దోసె పెనం ఎంత వేడిగా ఉందో తెలియడానికి దాన్ని ముట్టుకోనక్కరలేదు. నాలుగంగుళాల దూరంలో చెయ్యి పెడితే చాలు, సెగ తెలుస్తుంది. డాబా మీది రేకుల గదిలో ఆ పెనం పిల్లల తల మీద బోర్లించి ఉంటుంది. గోడకు వేలాడే థర్మామీటరు 36 చూపినా, పిల్లల ఒంటికి తగిలేది పైనుండి దిగే ఆ సెగ. ఫ్యాను వేస్తే కప్పు కింద పేరుకున్న వేడి గాలే కిందికి వస్తుంది. మన చర్మం వేడి సుమారు 35 డిగ్రీలు. గాలి అంతకు మించి వేడెక్కితే శరీరాన్ని చల్లబరిచేది చెమట ఆరడం ఒక్కటే. చెమట పట్టాలంటే నీళ్ళు తాగాలి. చిన్నపిల్లలకు ఒంటి బరువుతో పోలిస్తే చర్మం ఎక్కువ, చెమట తక్కువ, కాబట్టి పెద్దలకంటే త్వరగా వేడెక్కుతారు. ఆటలోనో, టీచరు భయంతోనో దాహం సంగతి చెప్పరు. ఆడపిల్లల విషయం ఇంకొకటి. బడిలో మరుగుదొడ్డి బాగుండదని పొద్దుటినుండి సాయంత్రం దాకా గుక్కెడు నీళ్ళు ముట్టని పిల్లలు మూత్రంలో మంటతో మా దగ్గరకు వస్తున్నారు. వారికి మందుతో పాటు శుభ్రమైన మరుగుదొడ్డి, కాస్త చల్లని గది కూడా కావాలి.

రేకుకూ స్లాబుకూ తేడా ఉంది. రేకు ఎండ పడగానే కాగుతుంది, ఎండ తగ్గగానే చల్లారుతుంది. స్లాబు నెమ్మదిగా వేడిని తాగి, నాలుగైదు గంటల తరువాత లోపలికి వదలడం మొదలుపెడుతుంది. అందుకే పై అంతస్తులో ఉండేవారికి రాత్రి పది గంటలకు కూడా కప్పు సెగ కొడుతుంది. మార్చి మధ్యనుండి పెట్టే ఒంటిపూట బడులు స్లాబు గదులకు బాగా సరిపోతాయి. స్లాబు వేడి దిగేసరికి పిల్లలు ఇంటికి చేరుకుంటారు. రేకుల గదికి ఆ ఏర్పాటు చాలదు. పదిన్నర అయ్యేసరికే అక్కడ కూర్చోవడం కష్టం.

తక్కువ ఖర్చులో ఎండకు తగిన బడి కట్టడం కొత్త ఆలోచన కాదు. 1987లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన 'ఆపరేషన్ బ్లాక్‌బోర్డు' పథకంలో ప్రాథమిక పాఠశాలకు ఉండాల్సినవి ఇవీ అని రాశారు: అన్ని కాలాల్లోనూ పనికివచ్చే రెండు పెద్ద గదులు, వాటి ముందు లోతైన వరండా, మగపిల్లలకు, ఆడపిల్లలకు వేరువేరు మరుగుదొడ్లు. ఇందులో వరండాను మేము చాలా మెచ్చుకుంటాము. అది గోడ మీద ఎండ పడనివ్వదు, వానజల్లును లోపలికి రానివ్వదు. మంచినీళ్ళ కుండ పెట్టుకోవడానికి, చెప్పులు విడవడానికి, ఒంట్లో బాగాలేని పిల్లను పడుకోబెట్టడానికి చోటు అదే. ఆరోగ్య పరీక్షలకు వెళ్ళినప్పుడు కొన్నిచోట్ల ఆ వరండాకు అడ్డంగా గోడ కట్టి, స్టోరు రూముగానో ఆఫీసుగానో మార్చుకోవడం చూశాము. గది ఒకటి పెరిగింది, కాని వెనకున్న గదులకు గాలి ఆగిపోయింది.

ఇలాంటి కట్టడంలో సౌకర్యమేమిటంటే, డబ్బున్నంత వరకు ఒక్కొక్క గదిగా కట్టుకుంటూ పోవచ్చు. ఇరవై అడుగుల పొడవు, ఇరవై అడుగుల వెడల్పు గది, ముందు వరండా. నలభై మంది పిల్లలకు తలకు పది చదరపు అడుగులు వస్తుంది. కిటికీలున్న గోడలు ఉత్తరానికి, దక్షిణానికి ఉండాలి. తూర్పు, పడమర గోడలకు కిటికీలు పెట్టకుండా, ఆ వైపు తరువాతి గది చేర్చుకోవాలి. చివరకు మిగిలిన పడమర గోడకు ఒక వేపచెట్టో, కానుగ చెట్టో నీడ ఇస్తే సగం బాధ తీరినట్టే. ఈ ఏడు ఒక గది, రెండేళ్ళ తరువాత మరొకటి. మరమ్మతు కూడా అలాగే, బడి మొత్తం మూసేయకుండా ఒక్కో గదికి చేసుకోవచ్చు.

ఇంత సాదా పద్ధతికి ప్రపంచంలో మంచి పేరు తెచ్చినవారు ఫ్రాన్సిస్ కేరే గారు. ఆయనది ఆఫ్రికాలోని బుర్కీనా ఫాసో దేశంలో గాండో అనే పల్లెటూరు. చిన్నప్పుడు వందమందికి పైగా పిల్లలతో, వెలుతురూ గాలీ లేని గదిలో చదువుకున్నారు. జర్మనీలో ఆర్కిటెక్చరు చదువుతుండగానే చందాలు పోగుచేసి, 2001లో తన ఊరికి ప్రాథమిక పాఠశాల కట్టించారు. ఊరివారే మట్టికి కాస్త సిమెంటు కలిపి ఇటుకలు ఒత్తారు. వరుసగా మూడు తరగతి గదులు, గదికీ గదికీ మధ్య నీడ ఉన్న ఖాళీ జాగా. పైకప్పుకు వాడింది మన డాబాల మీద కనిపించేలాంటి ముడతల రేకే. అయితే దాన్ని గది మీద నేరుగా వేయలేదు. గదికి సందులున్న ఇటుక సీలింగు వేసి, దానిపైన ఇనుప చువ్వల చట్రం నిలబెట్టి, ఆ చట్రం మీద రేకు పరిచారు. గదిలోని వేడి గాలి సీలింగు సందుల్లోంచి పైకి పోతుంది. రేకుకూ సీలింగుకూ మధ్య గాలి ఆడుతూ రేకు వేడిని బయటికి తీసుకుపోతుంది. చూరు బాగా ముందుకు ఉండడం వల్ల గోడలకు ఎండ తగలదు. ఈ బడికి 2004లో ఆగాఖాన్ అవార్డు వచ్చింది. 2022లో కేరే గారికి భవన నిర్మాణ కళలో అత్యున్నతమైన ప్రిట్జ్‌కర్ బహుమతి ఇచ్చారు. ఆఫ్రికా నుండి ఆ బహుమతి అందుకున్న మొదటివారు ఆయనే.

మన దేశంలో ఈ దారి చూపినవారు లారీ బేకర్ గారు. ఇంగ్లండులో పుట్టి, 1945లో కుష్ఠురోగుల సేవచేసే మిషను తరఫున భవనాలు చూసే ఆర్కిటెక్టుగా మన దేశానికి వచ్చి, డాక్టరు ఎలిజబెత్ జేకబ్ గారిని పెళ్ళి చేసుకుని, 2007లో మరణించేవరకు ఇక్కడే ఉండిపోయారు. ఇటుకలను పడుకోబెట్టకుండా నిలబెట్టి, మధ్యలో బోలు వదిలే గోడను ఆయన బాగా వాడుకలోకి తెచ్చారు. ఇటుకలు, సిమెంటు తక్కువ పడతాయి, బోలులోని గాలి వేడిని ఆపుతుంది. స్లాబులో కింది భాగపు కాంక్రీటు పెద్దగా బరువు మోయదు కాబట్టి, అక్కడ పాత పెంకులు పేర్చి కాంక్రీటు పోసే పద్ధతి మరొకటి. ఖర్చూ తగ్గుతుంది, వేడీ కొంత తగ్గుతుంది. కాని తెలిసిన ఇంజనీరు, అలవాటున్న మేస్త్రీ ఉంటేనే ఈ పనికి పూనుకోవాలి.

తయారైన గదిని తెచ్చి పెట్టే పద్ధతి కూడా మన రాష్ట్రానికి వచ్చింది. ములుగు జిల్లా కన్నాయిగూడెం మండలం బంగారుపల్లిలో, అటవీ ప్రాంతంలో పక్కా భవనం కట్టడానికి వీలులేక, 2024 సెప్టెంబరులో కంటైనర్ గదిలో బడి ప్రారంభించారు. గుడిసెలో చదివిన పిల్లలకు అది మేలే. అయితే కంటైనర్ కూడా ఇనుప పెట్టే. లోపల వేడి ఆపే పొర, పైన వేరే నీడ కప్పు, ఎదురెదురుగా కిటికీలు లేకపోతే రేకుల గదికీ దానికీ తేడా ఉండదు. కొనేవారు రంగు, ధర అడిగినంత శ్రద్ధగా ఈ మూడూ అడగాలి.

ఇవన్నీ ఖాళీ స్థలం ఉన్నచోటి మాటలు, మా సందులో వరండా ఎక్కడ కట్టమంటారు అని అడుగుతారు. నిజమే. మన దగ్గర కట్టడం అయిపోయింది, చేతికి అందేది కప్పు ఒక్కటే. దానికి తెల్లరంగు వేయడమే అన్నిటికంటే చవకైన వైద్యం. తెలుపు ఎండను తిప్పికొడుతుంది, నలుపు తాగేస్తుంది. మన హైదరాబాదు ప్రాంతంలోని భవనాల మీదనే శాస్త్రజ్ఞులు దీన్ని కొలిచి 2012లో ప్రచురించారు. నల్ల కప్పును తెల్లగా మార్చినప్పుడు ఏ.సి.లకు పట్టే కరెంటు 14 నుండి 26 శాతం దాకా తగ్గింది. 2017లో నగరంలోని దేవరకొండ బస్తీలో 25 ఇళ్ళ కప్పుల మీద తెల్లని పొర పరిచి చూస్తే, లోపలి వేడి సగటున 2 డిగ్రీలు తగ్గింది. రెండు డిగ్రీలేనా అనకండి. జ్వరం రెండు డిగ్రీలు దిగితే బిడ్డ ఎలా తేరుకుంటాడో తల్లులకు చెప్పనక్కరలేదు. పైగా కప్పునుండి దిగే సెగ తగ్గడం ఆ లెక్కలోకి పూర్తిగా రాదు.

తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో 'కూల్ రూఫ్' విధానం ప్రకటించింది. అది 2028 వరకు అమలులో ఉంటుంది. ప్రభుత్వ భవనాలకు, వ్యాపార భవనాలకు ఇలాంటి చల్లని కప్పు తప్పనిసరి, 600 గజాలకు లోపు స్థలంలోని ఇళ్ళకు యజమాని ఇష్టం. అప్పుడు చెప్పిన ఖర్చు చదరపు మీటరుకు సుమారు 300 రూపాయలు. పైన చెప్పిన ఇరవై అడుగుల గదికి కప్పు 37 చదరపు మీటర్లు, అంటే పదకొండు వేల రూపాయలు. నలభై మంది పిల్లలకు పంచితే తలకు మూడు వందలు కూడా కాదు. అదీ లేకపోతే మామూలు సున్నం ఉంది. క్రిస్మస్‌కు గోడలకు వేసే సున్నమే ఒక బకెట్టు డాబా మీదికి తీసుకెళ్ళండి. రాత్రి నానబెట్టి, వడకట్టి, పట్టు కోసం కాస్త ఫెవికాల్ కలిపి రెండు పూతలు వేయాలి. వానలకు కొట్టుకుపోతుంది కాబట్టి ఏటా వేయాల్సిందే. పంజాగుట్ట చౌరస్తా దుమ్ముకు తెలుపు నెలకే బూడిద రంగుకు తిరుగుతుంది, వేసవిలో ఒకటి రెండుసార్లు కడిగించండి. స్లాబు కారుతుంటే ముందు ఆ మరమ్మతు చేయించాలి, సున్నం కారడాన్ని ఆపదు.

కొన్ని పనులు మాత్రం చేయవద్దని గట్టిగా చెబుతున్నాము. చల్లగా ఉంటుందని రేకుల మీద తాటాకులు, గడ్డి కప్పకండి. 2004 జూలై 16న తమిళనాడులోని కుంభకోణంలో తాటాకు కప్పు అంటుకుని 94 మంది బడి పిల్లలు కాలిపోయారు. రేకుల కింద థర్మకోల్ సీలింగు కూడా చవకే, సెగ తగ్గిస్తుంది, కాని నిప్పు తగిలితే కరిగి మంటతో కిందికి కారుతుంది, దాని పొగ విషం. సీలింగు వేయాలనుకుంటే జిప్సం బోర్డు వేసి, రేకుకూ దానికీ మధ్య జానెడు ఖాళీ వదిలి, రెండు చివరలా వలతో గాలి దారి ఉంచండి. గాండో బడిలో చేసింది ఇదే. డాబా గదికి రెండో మెట్ల దారి లేకపోతే అక్కడ పిల్లలను అసలు కూర్చోబెట్టవద్దు. ఇక సిమెంటు రేకులు: పాతవాటిలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. రంగు వేసేముందు వాటిని గీకడం, కోయడం, డ్రిల్లు చేయడం వద్దు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే ఏళ్ళ తరువాత క్యాన్సరు రావచ్చు. తడిపి, మెత్తటి చీపురుతో కడిగి, ఆరాక రంగు వేయాలి. పగిలిన రేకును మార్చేటప్పుడు పిల్లలు బడిలో ఉండకూడదు.

ఏ.సి. పెట్టిస్తే సరిపోదా అని పేరెంట్స్ మీటింగుల్లో అడుగుతున్నారు. స్ప్లిట్ ఏ.సి. బయటి గాలిని లోపలికి తేదు. కిటికీలు మూసిన గదిలో నలభై మంది వదిలిన గాలినే చల్లబరిచి మళ్ళీ అందరికీ పంచుతుంది. ఒకరికి ఆటలమ్మ, తట్టు, జలుబు జ్వరం ఉంటే మిగిలినవారికి అంటుకోవడం తేలిక. క్షయ సంగతి వేరే చెప్పాలా? కప్పు కాగుతూనే ఉంటే ఏ.సి. బిల్లు కూడా కాగుతూనే ఉంటుంది. ముందు కప్పు, తరువాత కిటికీలు, ఆ పైన ఫ్యాన్లు. అప్పటికీ చాలకపోతే ఏ.సి. గురించి ఆలోచించవచ్చు.

ఖర్చులేని పనులూ ఉన్నాయి. పై అంతస్తు గదుల్లో పొద్దున తరగతులు మాత్రమే పెట్టి, పదిన్నర తరువాత పిల్లలను కిందికి దించవచ్చు. లైబ్రరీ సామాను, పాత బెంచీలు పైకి, నర్సరీ పిల్లలు కిందికి. వల కొట్టించి పై గదుల కిటికీలు రాత్రంతా తెరిచి ఉంచితే స్లాబు తెల్లవారేసరికి చల్లారుతుంది. మే నెలలో మన సంఘాల్లో జరిగే వి.బి.ఎస్. తరగతులు కూడా చాలావరకు రేకుల హాళ్ళలోనే. ఆ పది రోజులూ ఉదయం ఏడుకు మొదలుపెట్టి పదికల్లా ముగించమని, అంతకుముందే హాలు కప్పుకు తెల్లరంగు వేయించమని సంఘ పెద్దలకు మనవి. ప్రభుత్వ బడుల్లో 2024లో ఏర్పడిన అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీల్లో మన తల్లులు ఎవరైనా ఉంటే, మరమ్మతుల జాబితా రాసేటప్పుడు 'కప్పుకు తెల్లరంగు' అన్న మాట చేర్చమని అడగండి. అడగకపోతే రంగు డబ్బంతా వీధికి కనిపించే గోడలకే అయిపోతుంది.

ఇంత చేసినా ఎవరికైనా కళ్ళు తిరిగితే, నీడలో పడుకోబెట్టి, బట్టలు వదులు చేసి, తడిగుడ్డతో ఒళ్ళంతా తుడుస్తూ విసరాలి. తెలివిగా ఉంటే ఓ.ఆర్.ఎస్. కొద్దికొద్దిగా తాగించాలి. ప్యాకెట్టు లేకపోతే లీటరు మంచినీళ్ళలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, రెండూ టీ చెంచాతో తలకొట్టి కొలవాలి. పిలిస్తే పలకకపోయినా, పొంతన లేకుండా మాట్లాడినా, ఫిట్స్ వచ్చినా నోట్లో ఏమీ పోయవద్దు. తడుపుతూనే 108కి ఫోను చేయండి.

సున్నం పని ఫిబ్రవరిలో, ఎండ ముదరకముందే, సెలవు రోజున పెట్టుకోండి. వేసేవారు కళ్ళద్దాలు, చేతికి రబ్బరు తొడుగులు వేసుకోవాలి. పిల్లలను డాబా మీదికి రానివ్వకూడదు. సున్నం కంట్లో పడితే నలపకుండా, కంటి రెప్పలు విడదీసి, ధారగా పోసే మంచినీళ్ళతో ఇరవై నిమిషాలు కడగండి. అలా కడిగిన తరువాతే ఆసుపత్రికి బయలుదేరండి.